ఏటిపాల: వాగు గట్లకును జౌకు తోటలకును తగిన దేశవాళి పొద

భద్రాచలము మొదలు ఖమ్మము వరకు అడవి యంచున సేద్యము చేయు మన సభ్యులలో వాగు ప్రక్కన చెక్కెడు భూమియైన లేనివారు కొద్దిమంది. అది ఒండ్రు నేల. నీరు చేతికందు దూరము. మిరపకును, కూరగాయలకును అంతకుమించిన నేల దొరకదు. కాని యే వాగు ఆ నేలను తెచ్చి పోసినదో ఆ వాగే దానిని ఏటేట కొంచెము కొంచెముగా కొరికి తీసికొనిపోవుచున్నది. పట్టాలో రెండెకరములని వ్రాసియుండును; గొలుసు పట్టి కొలిచినచో ఎకరము ముప్పది గుంటలు తేలును. తక్కిన పది గుంటలు గోదావరి పాలైనవి. అప్పు మాత్రము రెండెకరముల మీదనే నిలిచియున్నది.

రెండవ చిక్కు దీనికి సరిగా ఎదురైనది. వాగు కోయని చోట ఊట నిలుచును. తోట పల్లపు మూలలో దీపావళి దాటినను నీరింకదు; కాలు పెట్టిన మడమ దిగబడును. అచట వేసిన మిరప వేరు కుళ్ళి చచ్చును. అట్టి మూలను పలువురు తుంగకును దోమలకును విడిచిపెట్టియున్నారు.

ఈ రెండు తావులందును ఇష్టపడి పెరుగు మొక్క యొకటి మన వాగుల ప్రక్కనే యున్నది. దానిని తెలుగున ఏటిపాల యందురు. పశువులు మేసియు, వంటచెరకునకు నరికియు అనేక గ్రామములలో దాని నిప్పుడు అరుదు చేసితిమి. దానిని మరల గట్లకు తెచ్చుటెట్లో, దానివలన ఎంత మేలు ఆశింపవచ్చునో, ఎంత ఆశింపరాదో మా కెరిగినంత వరకు ఇచట వ్రాయుచున్నాము.

పేరులో పాల యున్నను కొమ్మ త్రుంచిన పాలు కారవు. కొడిశపాల మొదలగు పాలచెట్లతో దీనికి చుట్టరికము లేదు. ఇది ఇంగ్లీషువారు విల్లో అనుజాతిలోనిది; శాస్త్రజ్ఞులు దీనిని సాలిక్స్ టెట్రాస్పెర్మా యందురు. నాలుగు గింజలు గలదని ఆ మాట కర్థము. ఆ పేరు పెట్టిన వాడు విలియము రాక్స్‌బర్గు అను వైద్యుడు. ఆయన 1781 ప్రాంతము నుండి 1793 వరకు సామర్లకోటలో కుంపెనీ కొలువున నుండి, సర్కారు జిల్లాల మొక్కలను సేకరించి, దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. 1795 మొదలు అచ్చుపడిన ఆయన కోరమాండలు మొక్కల గ్రంథములో ఈ ఏటిపాలయు నెక్కినది. లోకమంతయు నేడు వాడుచున్న శాస్త్రనామము తెలుగుదేశమున ఉద్యోగము చేసిన వాని చేత పుట్టినదని మన సభ్యు లెరుగుట మంచిదే.

దీనిని గుర్తించుట కష్టము కాదు. ఆకు గన్నేరాకు కంటె వెడల్పు, మామిడాకు కంటె చిన్నది. అంచున సన్నని రంపపు పండ్లుండును. పైన పచ్చగా నిగనిగలాడును, అడుగున బూడిద చల్లినట్లు తెల్లగా నుండును. గాలి వీచినపుడు ఆకులు తిరగబడి చెట్టంతయు తెల్లబారినట్లు కనబడును. వదలిపెట్టిన ముప్పది అడుగులకు మించి చెట్టగును. ఏటేట నరకుచుండిన నిలువెత్తు పొదగానే యుండును. గట్టునకు మనకు కావలసినది పొద రూపమే. చలికాలమున ఆకు రాల్చి, క్రొత్త చిగురుతోపాటు కంకులవంటి పూగుత్తులు వేయును. ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. మగ చెట్టు కంకి పుప్పొడితో పసుపు పచ్చగా నుండును. ఆడ చెట్టు కంకి ఆకుపచ్చగా నుండి, కొంతకాలమునకు కాయలు పగిలి తెల్లని దూది యెగురును.

వాగు నడుమ బండల సందులలో మొలచు మరియొక పొదను చూచి కొందరు ఇదియే ఏటిపాల యని భ్రమపడుదురు. దాని ఆకు సన్నగా, పొడవుగా నుండును, కొమ్మలు బిరుసు. శాస్త్రమున దానిని హోమోనోయా రిపేరియా యందురు. అది ఆముదపు కుటుంబములోనిది. అదియు దేశవాళిదే, అదియు ఏటికోతను ఆపునదే. రాతి నేలకది, మట్టి గట్టునకు ఇది. ఒకటి దొరకనిచో రెండవది నాటిన దోషము లేదు గాని, మట్టిలో నాటిన ఆ పొద ఏటిపాలవలె చురుకుగా పెరుగునని యెదురు చూడరాదు.

ఇక గట్టును ఇది కాపాడు విధము. మన పూర్వులు వేతసవృత్తి యని యొక మాట వాడిరి. వరద వచ్చినపుడు వంగి, పోయినపుడు లేచు నీటిమొక్క నడవడి యని దాని భావము. కాళిదాసు రఘువంశము నాలుగవ సర్గలో రఘువు దండెత్తి వచ్చినపుడు సుహ్మ దేశీయులు అట్లు వంగి ప్రాణములు దక్కించుకొనిరని చెప్పెను. రాజనీతి మాట యటుండనిండు. గట్టు విషయమున ఇది అక్షరాల నిజము. వరద మీదికి రాగానే ఏటిపాల లేత కొమ్మలు ప్రవాహము వైపునకు ఒరిగి, గట్టుమీద చాపవలె పరచుకొనును. నీటి ఒరిపిడి మట్టికి తగులక ఆకుల మీదుగా జారిపోవును. వేగము తగ్గిన నీరు తనలోని ఒండ్రును ఆ కొమ్మల మొదట దింపును. ఒండ్రులో పూడిన కొమ్మ మరల వేళ్ళు తన్నును. మట్టి క్రింద వేళ్ళు దట్టముగా ముంజువలె అల్లుకొని యుండుటచేత ఒడ్డు పెళ్ళలుగా ఊడిపడదు.

ఒడ్డు ఎప్పుడు విరుగునో సభ్యులు శ్రద్ధగా గమనింపవలెను. వరద ఉధృతముగా నున్నప్పుడే విరుగునని మన మనుకొందుము. గోదావరి చేరువ వాగులలో పెద్ద విరుగుళ్ళు తరచుగా వరద తీసిన తరువాతనే కలుగును. గోదావరి ఉబ్బినప్పుడు కిన్నెరసాని, తాలిపేరు మొదలగు ఉపనదులు నీరు దింపుకొనలేక వెనుకకు ఎగదన్నును. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును ఎక్కినది. అట్టి దినములలో ఒడ్డు మట్టి రోజుల తరబడి నాని బరువెక్కును. నీరు ప్రక్కనున్నంత సేపు ఆ నీరే మట్టిని ఆనుకొని నిలుపును. గోదావరి దిగగానే వాగు చరచర తీసిపోవును. ఊత పోయిన తడిమట్టి తన బరువుకు తానే జారి కూలును. నాని బరువెక్కిన మట్టిని కుట్టి పట్టుటకు వేళ్ళు తప్ప వేరు సాధనము బీదరైతు చేతిలో లేదు. రాతికట్టుడు కట్టవచ్చును; కాని దాని ఖర్చు గట్టున నున్న భూమి ఖరీదును మించును.

అయినను ఏటిపాలను గోదావరి పెద్ద గట్టునకు మందుగా మేము చెప్పుట లేదు. ముప్పది, నలువది అడుగుల నిలువు గట్టును ఏ పొదయు ఆపజాలదు. వాగులకు, పిల్లవాగులకు, పదిపదునైదు అడుగులకు మించని ఒడ్లకు మాత్రమే ఇది తగును. ఒడ్డు గోడవలె నిలువుగా నున్నచో ముందుగా పారతో ఏటవాలు చేసి తరువాత నాటవలెను. అట్లు వాలు చేయుటకు రెండు మూడు గజముల భూమి మనమే కోసికొనవలసి వచ్చును. దీనికి మనసొప్పని రైతులే యెక్కువ. కాని ఆ మూడు గజములు ఎట్లును రెండు వానకాలములలో వాగు తీసికొనునవే.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి, అసలీ వ్యాసము సహకార పత్రికలో వ్రాయుటకు కారణమైన సంగతి, ఒకటి కలదు. ఒక రైతు తన ఒడ్డున మాత్రమే పొద నాటి గట్టి చేసికొన్నచో వాగు ఊరకుండదు. అచట ఆగిన దెబ్బ ఎదుటి ఒడ్డునకో, దిగువ వాని మూలకో పోవును. వాగు వంపు తిరుగు చోట వెలుపలి ఒడ్డు కోసికొనిపోవుటయు, లోపలి ఒడ్డున ఇసుక మేట వేయుటయు మనమెరిగినదే. ఒకడు వెలుపలి ఒడ్డున పొద పెంచి, దానిని వాగులోనికి ముందుకు జరుపుకొనుచు పోయెనేని ఎదుటివాని మేట కొట్టుకొనిపోవును, అంతట తగవులు. ఇట్టి తగవులు పంచాయతి మెట్లెక్కుట పలు గ్రామములలో జరిగినదే. కావున ఒక వంపు ఎగువ మొదలు దిగువ వంపు మొదటి వరకు రెండు ఒడ్ల రైతులును ఒకేసారి నాటవలెను. ఎచట వరకు నాటవలెనో కొయ్యలు కొట్టి ముందుగా నిర్ణయించుకొని, ఆ హద్దు దాటి వాగులోనికి పొదను రానీయక ఏటేట నరకవలెను. వాగు నడుమ దిబ్బల మీద నాటరాదు. పాయ మూసికొనిపోయి వరద మట్టము పెరుగును.

ఎంత పొద నాటినను ఒడ్డు మొదట ఇసుక తవ్వినచో ఫలము సున్న. వేళ్ళ క్రింది మట్టి జారి పొదయే వాగులో పడును. ట్రాక్టరు ఇసుక ధర ఒక నాటిది. పోయిన గుంట మరల రాదు. ఇసుక తవ్వకములను, చెట్ల నరుకుడును 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము అదుపు చేయుచున్నది. కాని గ్రామస్థులే కాపలా లేనిచో చట్టము రాత్రిపూట వాగున కావలి పరుండదు.

నాటు విధానము మిక్కిలి సులభము. గింజతో పెంచ పూనుకొనవలదు. దూదితో నెగురు ఆ గింజ ప్రాణము కొన్ని దినములే. తడి ఒండ్రుమీద వెంటనే పడినగాని మొలవదు. కొమ్మ ముక్కలతోనే నాటవలెను. వరద తీసి వాగు సన్నగిల్లిన కార్తీకము మొదలు పుష్యము వరకు అదను. తొలకరిలో నాటిన త్వరగా చిగిర్చు మాట నిజమే గాని, వేరు పట్టకముందే వచ్చిన మొదటి వరదకు మొక్కలన్నియు పోవును. శీతకాలమున నాటిన మరుసటి వరద నాటికి ఆరేడు నెలల వేరు పట్టియుండును. ఎండాకాలమే గండము. అందుచేత నీటి అంచునకు దగ్గరగా, వేసవిలోను చెమ్మ ఆరని మట్టములోనే మొదటి వరుస పెట్టవలెను.

ముక్కలు రెండు విధములు. బొటనవ్రేలి లావున, అడుగు పొడవున కోసిన చిన్న ముక్కలు నారుమడికి. రెండంగుళముల లావు, నాలుగైదు అడుగుల పొడవుగల గుంజలు తిన్నగా గట్టుకు. గుంజ మొదలు ఏటవాలుగా చెక్కి, తల సమముగా కోయవలెను. ఇట్లు చేసినచో తలక్రిందులుగా నాటు పొరపాటుండదు. కోసిన గుంజలను కట్టలు కట్టి రెండు మూడు దినములు వాగు నీటిలో నిలువ పెట్టుట మంచిది. గునపముతో రెండడుగులకు తక్కువ కాకుండ గుంత పొడిచి, గుంజ దింపి, చుట్టును మట్టి కాలితో గట్టిగా త్రొక్కవలెను. గుంజను సుత్తితో దిగగొట్టిన తల చీలి ఎండిపోవును. గుంజకు గుంజకు మూడడుగుల ఎడము. వరుసలు రెండో మూడో, ఒక వరుస సందులో రెండవ వరుస గుంజ వచ్చునట్లు. దెబ్బ గట్టిగా తగులు వంపులో గుంజల నడుమ పచ్చి కొమ్మలను తడికవలె అల్లి, అడుగు భాగము మట్టిలో కప్పినచో అల్లిన కొమ్మలే వేరు తన్ని సజీవమైన దడి యగును. హాలండు దేశమువారు శతాబ్దముల నుండి విల్లో కొమ్మలను చాపలుగా అల్లి, రాళ్ళు పేర్చి నీట ముంచి కరకట్టల మొదళ్ళను కాపాడుకొనుచు వచ్చిరి. వారి జాతి వేరు, కొమ్మ గుణ మొక్కటే.

మొదటి రెండేండ్లు మేకలను దూరముగ నుంచవలెను. ఈ ఆకు మేకకును పశువునకును ప్రీతి. రేగు ముండ్లతో కంచె వేయక నాటుట కంటె నాటకుండుట మేలు. గుంజలైన వంటచెరకునకు మిగులును. మూడవ యేటి నుండి చలికాలమున నేలకు రెండడుగుల ఎత్తున నరకవచ్చును. నరికిన మొదట పది చువ్వలు లేచును. గట్టు పొడుగునను ఒకేసారి నరకక, ఈ యేడు సగము, మరుసటి యేడు సగము నరకవలెను. లేనిచో వరద నాటికి ఒడ్డు బోడియగును.

జౌకు తోటల సంగతి. ఏటిపాల నాటిన నేల ఆరిపోవునని కొందరాశింతురు. ఎండకాలమున నీటిని బాగుగా పీల్చును గాని వానకాలపు ఊటను అది త్రాగి తీర్చలేదు. మురుగు కాలువ తీయుటయే దానికి మందు. ఆ కాలువ ఒడ్డులకును, ఎంత తీసినను ఆరని మూలకును ఈ పొద నాటుకొనిన నిరుపయోగమైన నేల మేతకును, కట్టెకును పనికివచ్చును. పంట మడికి పదడుగుల లోపున నాటరాదు. నీడ పడును, వేళ్ళు పాకును. బావికిని, గొట్టపు వరుసలకును, తూములకును బాగుగా ఎడముండవలెను. చెమ్మ వాసన పట్టి సందులలో దూరు వేళ్ళివి. చెరువు కట్టమీద ఎంతమాత్రము వలదు. చచ్చిన వేరు కుళ్ళి, ఆ సొరంగము గుండ నీరు కారి కట్ట తెగు అపాయము కలదు. శిఖము అంచున నాటవచ్చును.

దీనివలన రొక్కము వచ్చునా యని మొదటి ప్రశ్న. రాదనియే చెప్పుదుము. జామాయిలు పెంచినవారికి సారపాక కాగితపు మిల్లు కలదు. ఏటిపాలకట్టి గిరాకి లేదు. కర్ర తేలిక, మెత్తన. ఇంటి దూలమునకు పనికిరాదు, పొయ్యిలో త్వరగా మండి త్వరగా ఆరును. బొగ్గు మాత్రము మంచిది. చువ్వలతో బుట్టలు, తట్టలు అల్లవచ్చును గాని మేదరి వెదురుబుట్ట మన్నిక దీనికి రాదు. దొడ్డి తడికలకును, పాదుల పందిళ్ళకును చాలును. వేసవిలో పచ్చిమేత కరువైనపుడు ఆకు అక్కరకు వచ్చును. చలికాలపు పూలలో తేనెటీగలకు పుప్పొడియు తేనెయు దొరకును. ఇవన్నియు చిల్లర లాభములు. అసలు లాభము కొలతలో తగ్గని భూమి.

బెరడును గూర్చి ఒక హెచ్చరిక. విల్లోజాతి బెరడు చేదు. జ్వరమునకును నొప్పులకును దానిని వాడుట అనేక దేశములలో ఉన్నది. 1763లో ఎడ్వర్డు స్టోను అను ఇంగ్లీషు మతాచార్యుడు బెరడు పొడిని జ్వరరోగులకిచ్చిన సంగతి రాజశాస్త్రసంఘమునకు తెలిపెను. 1828లో మ్యూనికు నగరమున బూక్నరు ఆ చేదు సారమును వేరుచేసి సాలిసిన్ అనెను. ఆ దారినే నడచి 1899లో ఆస్పిరిను బజారునకు వచ్చినది. ఇది విని మన యిండ్లలో జ్వరమునకు ఏటిపాల కషాయము కాచి త్రాగింపరాదు. మన మన్యపు జ్వరము మలేరియా కావచ్చును; దానిని ఈ బెరడు కుదుర్పదు, రక్తపరీక్ష చేయించి తగిన మందు వాడవలసినదే. డెంగీ జ్వరమైనచో ఆస్పిరిను జాతి మందులు రక్తస్రావమును పెంచి ప్రాణము మీదికి తెచ్చును. పిల్లలకు అసలే ఇయ్యరాదు.

కొమ్మలు ఎక్కడినుండి తేవలెననుటలోను జాగ్రత్త కావలెను. రిజర్వు అడవిలోను, కిన్నెరసాని అభయారణ్యములోను అటవీశాఖ అనుమతి లేక కొమ్మ తుంచరాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ప్రకారము హక్కు పొందిన కోయ సోదరులు తమ గ్రామసభ ద్వారా అడుగుట మంచిది. పట్టా భూముల ప్రక్కనున్న చెట్ల నుండి తీయుటయే సులువు. ఒక పెద్ద చెట్టు నుండి మూడవవంతు కొమ్మలకు మించి తీయవలదు. ఒకే చెట్టు కొమ్మలతో వాగంతయు నింపిన మరియొక చిక్కు. ఆ మొక్కలన్నియు ఆడవో మగవో ఒకటే యగును. గింజ కట్టదు, పురుగో తెగులో తగిలిన అన్నియు ఒకే విధముగ లోబడును. కనీసము ఆరేడు చెట్ల నుండి, రెండు జాతులనుండియు తీయవలెను.

పూత లేనపుడు ఆడ మగ తెలియదు. కావున ఈ శీతకాలమున పూసినపుడే సభ్యులు తమ వాగుల వెంట తిరిగి, పసుపు కంకి గల చెట్టు కొమ్మకు ఎర్రదారమును, ఆకుపచ్చ కంకి గలదానికి తెల్లదారమును కట్టి యుంచుకొనవలెను. గుంజలు వచ్చు కార్తీకమున కోయవచ్చును. ఎదురెదురు ఒడ్ల రైతులు కలిసి సంతకములు చేసి, నాటవలసిన గట్టు పొడవు గజములలో వ్రాసి, దసరాలోగా సంఘ కార్యాలయమున ఇచ్చిన యెడల ఎవరి వాగున గుంజలు మిగులునో, ఎవరికి చాలవో చూచి సర్దవచ్చును. మూడడుగుల ఎడమున రెండు వరుసలకు నూరు గజముల గట్టునకు రెండు వందల గుంజలు పట్టును. చావులకై మరి నలువది చేర్చి వ్రాయవలెను.